ఉప్పు లేని రొట్టె

మా అత్త అల్జియాను, కూలీలను పొలాలకు చేరవేసే హత్తాబ్ తన ట్రక్కు మీంచి దించిన తీరు నేను కళ్ళారా చూశాను. మిరపకాయల బస్తానైనా ఇంతకంటే జాగ్రత్తగా దించుతారు. తెలవారుతూండగా బయలుదేరిన బండి ఊరు దాటీ దాటకముందే వెనక్కొచ్చింది. నాగజెముడు కంచె పక్కన ఆపి, ఇద్దరు ఆడవాళ్ళ చేత ఆమెను నేల మీద కూర్చోబెట్టించాడు. మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. కుడిచెయ్యి వేలాడుతోంది. నన్ను చూసి ఏదో అనబోయింది. మాట రాలేదు.

"మీ అత్తకు కళ్ళు తిరిగినయ్యి. కాసిని చక్కెర నీళ్ళు పట్టు," అన్నాడు హత్తాబ్, స్టీరింగు వదలకుండా.

"ఆసుపత్రికి తీసుకుపోవాలి. బండి తిప్పు."

"అవతల తోటలో మిరపకాయ పండిపోతా ఉంది. నేనేమన్నా అంబులెన్సు నడుపుతున్నానా?"

వెనక ఆడవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. వాళ్ళెప్పుడూ నిలబడే ఉంటారు. కూర్చుంటే చోటు ఎక్కువ పడుతుందని హత్తాబ్ రోజూ ట్రక్కు అడుగున నీళ్ళు కుమ్మరిస్తాడు. తడిలో ఎవరూ కూర్చోరు కనక ఇంకొందరిని కుక్కవచ్చు. మాతో ఆగడానికి ఒక్కరూ దిగలేదు. నేను వాళ్ళను తప్పు పట్టను. దిగితే ఆ రోజు కూలితో పాటు మర్నాటి చోటు కూడా పోతుంది. మా ఊరికి వేరే బండి లేదు. బండి లేకపోతే పని లేదు.

దారిన పోయే లారీని ఆపి చేర్చిన జిల్లా ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అత్తను చూసి నా మీద విసుక్కున్నాడు. "రక్తపోటు ఏళ్ళ తరబడి ఉండి ఉంటుంది. ఒక్కసారన్నా చూపించలేదా? మీ ఊరికి పరీక్షల వ్యాను వస్తుందిగా?"

వస్తుంది. నెలకొక బుధవారం పొద్దెక్కాక వచ్చి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. ఆ వేళకు ఊళ్ళో మిగిలేది ముసలాళ్ళూ, కోళ్ళూ, నాలాగా ఇల్లు కనిపెట్టుకుని ఉండే కోడళ్ళూ. ఎవరో ఒకరిని పరీక్ష చేశామనిపించుకోవాలి కాబట్టి నాకు ఎన్నోసార్లు రక్తపోటు చూశారు. ఏ జబ్బూ లేని నాకు. నర్సు బసీమా వెంట వచ్చే అధికారి ఓసారి నాతోనే అన్నాడు, "మీ ఆడవాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదమ్మా. ఏం చేస్తాం."

అత్త మంచాన పడింది. ఇల్లు గడవాలి. ఆమె బదులు నేను ట్రక్కు ఎక్కడానికి వెళ్ళాను. కైరువాన్ పట్నం కాలేజీలో చదివిన నన్ను హత్తాబ్ ఎగాదిగా చూసి, "గట్టిగానే ఉన్నావ్, ఎక్కు," అన్నాడు.

సాయంత్రాలు ఆడవాళ్ళందరూ మన్నూబియా అవ్వ వాకిట్లో మట్టిపొయ్యి దగ్గర చేరతారు. మర్నాటికి రొట్టెలు కాల్చుకునేది అక్కడే. వ్యాను వచ్చే బుధవారం ఎవరమూ బండెక్కవద్దని, పరీక్ష చేయించుకుందామని అక్కడే అడిగాను.

దూజా పిన్ని పిండి కలుపుతున్నదల్లా ఆగింది. ఆమె నోటికి పొలంలో పని చేయించే మేస్త్రీ కూడా జంకుతాడు. "నీకేం తల్లీ, కుర్ర రక్తం. ఆ రక్తపోటు చూసే పట్టీ నా చేతికి కట్టి రోగముందని చెప్పారనుకో, హత్తాబ్ నన్ను ఎక్కించుకుంటాడా? తెలవకుండా ఉంటమే నయం."

"అల్జియాకి తెలవదుగా మరి," అంది మన్నూబియా. "తెలవకుండానే పడింది."

"కడుపు మాడి పడేదానికన్నా అట్టా పడటమే మేలు లేవే!"

"నీ ఇష్టమొచ్చినట్టు పడు. పడ్డాక నీ పక్క బట్టలు ఉతికేదెవరు?"

కొందరు నవ్వారు. దూజా నవ్వలేదు. అప్పుడు హనియా మెల్లగా అంది, "నాకు పొద్దున లేస్తే తల పగిలిపోతాది వదినా. నేను వస్తా." హనియా భర్త రాళ్ళ క్వారీలో పోయాడు. ముగ్గురు పిల్లలు. ఆమె కూలి తప్ప ఆ ఇంట్లోకి ఇంకేదీ రాదు. అందరికంటే ఎక్కువ భయపడాల్సిన మనిషి ముందుగా సరేనంటే, మిగిలినవాళ్ళకు కాదనడానికి ముఖం చెల్లలేదు.

బుధవారం హత్తాబ్ హారన్ కొట్టీ కొట్టీ దిగి వచ్చాడు. మేమంతా రోడ్డు పక్కన వ్యాను కోసం కూర్చుని ఉన్నాం.

"చూపించుకోండి, బాగా చూపించుకోండి! రోగమని తేలినదాన్ని మాత్రం నా బండెక్కనియ్యను. శవాలు మొయ్యటం నా పని కాదు."

వ్యాను వచ్చేసరికి వరుస చూసి అధికారి బిత్తరపోయాడు. ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న చొక్కాల చేతులు పైకి మడవడానికే ఒక్కొక్కరికి బోలెడంత సేపు పట్టింది. మధ్యాహ్నం కాగానే ఆయన, "టైమైపోయింది, సర్దేయండి," అన్నాడు. దూజా వెళ్ళి వ్యాను మెట్టు మీద బైఠాయించింది.

"కదిలితే నా మీదుగా కదలాలి. మాకు శ్రద్ధ లేదన్నావంటగా? ఇయ్యాళ శ్రద్ధ వచ్చింది. తట్టుకోలేకపోతన్నావే!"

పొద్దు వాలేదాకా వ్యాను కదల్లేదు. బసీమా ఎవరి ఫలితం వాళ్ళ చెవిలో చెప్పింది. సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తపోటు, కొందరికి చక్కెర జబ్బు. రోజూ మాత్ర మింగాలి. అన్నిటికంటే ముందు ఉప్పు తగ్గించాలి. పొలంలో మేము తినేది ఉప్పు కలిపిన రొట్టె, ఉప్పునీళ్ళలో ఊరిన ఆలివ్ కాయలు, ఉప్పు దండిగా పడ్డ మిరప ముద్ద. ఇంకేం ఉంది తినడానికి? హనియాకు ఉందని తేలింది. దూజాకు అందరికన్నా ఎక్కువ ఉంది.

ఎవరెవరికి ఉందో చెప్పమని హత్తాబ్ బసీమాను అడిగాడు. చెప్పనంది. అయితేనేం, అతని చేతిలో మేస్త్రీ ఉన్నాడు. మర్నాటి నుంచి మేము తినే వేళకు మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని మా మధ్య తిరగడం మొదలుపెట్టాడు. ఆలివ్ కాయలు ఎవరు పక్కన పెడుతున్నారు, మిరప ముద్ద ఎవరు వద్దంటున్నారు, అదే చూపు. ఒకరోజు హనియా ముందు ఆగాడు.

"ఆ రొట్టె ఇటు తే." తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పేదే?"

"మర్చిపోయా."

"రేపట్నించి రాబాక. ఇంట్లో కూకొని గుర్తు తెచ్చుకో."

హనియా మూట కట్టుకుని పొలం గట్టున ఒక్కతే కూర్చుంది, బండి తిరిగి బయలుదేరేదాకా. మేము కాయలు కోస్తూనే ఉన్నాం. ఆ మధ్యాహ్నం మా చేతులు ఎలా పనిచేశాయో నాకిప్పటికీ అర్థం కాదు.

భయం అందరిలోకీ పాకింది. దూజా మాత్రలు మానేసింది. మేస్త్రీ ఎదురుగా కూర్చుని, రొట్టెకు మిరప ముద్ద దట్టంగా పూసి, ఆలివ్ ఊటను వేళ్ళతో జుర్రుకుంటూ, "చూడయ్యా, బాగా చూడు. ఎద్దునయ్యా నేను," అనేది. రెండు రోజులు గడిచాయో లేదో, కాయలు కోస్తుండగా ఆమె ముక్కులోంచి రక్తం కారింది. పండు మిరపకాయల మీద పడిన రక్తం మేస్త్రీకి కనిపించలేదు. మాకు కనిపించింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఎవరూ పిండి ముట్టలేదు. దూజా ముక్కుకు తడిగుడ్డ అదిమిపెట్టుకుని గోడకు ఆనుకుంది. మన్నూబియా లోపలికి పోయి మాత్ర తెచ్చి ఆమె నోట్లో కుక్కింది. తర్వాత మా మధ్యనున్న ఉప్పుగిన్నె ఎత్తి పెంటకుప్ప మీద కుమ్మరించింది.

"ఈ పొయ్యి నాది. ఇయ్యాళ్టి నించి దీంట్లో ఉప్పేసిన రొట్టె కాలదు. రోగమున్నదానిదైనా, లేనిదానిదైనా."

అందరూ ఒక్కసారిగా అరిచారు.

"నాకేం రోగం లేదుగా, నేనెందుకు తినాలి ఆ సున్నపుముద్ద?"

"మా ఆయన ఆ రొట్టె నా మొహాన కొడతాడు."

"కొట్టనియ్. ఉప్పులేంది, మంటపుట్టదులే."

ఈసారి దూజా కూడా గుడ్డ చాటున నవ్వింది. నేను లేచి చెప్పాను. "హత్తాబ్‌కు మన ఆరోగ్యంతో పనిలేదు. రోగమున్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో విడిగా తెలియాలి, అంతే. అరిగిపోయినదాన్ని దించేసి కొత్తదాన్ని ఎక్కించుకుంటాడు. నన్ను ఎక్కించుకోలేదా? మా అత్త కూడా ఒకప్పుడు గట్టిగా ఉన్న మనిషే. మనల్ని విడదీసి చూడటానికి అతనికున్నది ఒక్క రొట్టె. అది కూడా ఒకే రకంగా ఉంటే ఏం చేస్తాడు?"

సున్నపుముద్ద అన్న పిల్లే ముందుగా పిండి తడిపింది.

మర్నాడు మేస్త్రీ కబురు పెడితే హత్తాబ్ స్వయంగా పొలానికి వచ్చాడు. మొదటి మూట విప్పించి రొట్టె తుంచాడు. నమిలాడు. రెండో మూట. మూడో మూట. వరుస వెంట నడుస్తూ, తుంచుతూ, నములుతూ పోయాడు. నా రొట్టె తిని ఉమ్మేశాడు. చివరకు వచ్చేసరికి ముఖం కందిపోయింది.

"ఏందే ఇది? ఊరంతా రోగమేనా?"

దూజా లేచింది. "ఊరంతా. హనియాని దించావుగా, మమ్మల్నీ దించు. లేదా ఆమెని ఎక్కించు."

"కాయ ఎవరు కోస్తారే?"

"ఉప్పు తినేవాళ్ళని ఎతుక్కో!"

మేము బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నాం. ఎండలో కాయ వాడిపోసాగింది. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. చివరకు పల్లెల్లో పోలీసు పని చూసే గార్డుల జీపు వచ్చింది. పని ఆపించిందని దూజాను ఎక్కించుకుని పోయారు. ఎక్కేముందు ఆమె కొంగున ముడి వేసుకున్న మాత్రలు కూడా లాగేసుకున్నారు.

పొలం నుంచి గార్డు ఠాణా దాకా నడిచాం. దారిలో ఊరివాళ్ళు కలిశారు. హనియా పిల్లల్ని మన్నూబియా అవ్వకు అప్పగించి పరుగున వచ్చింది. బసీమా తెల్లకోటుతోనే, పరీక్ష పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. "ఆమెకు మందు ఆగకూడదు. లోపలికి పోనివ్వండి," అంది. పోనివ్వలేదు.

దూజా కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. "ఇక్కణ్ణించే చూడమ్మా."

బసీమా పట్టీ కట్టింది. పట్టీలోంచి గాలి పోతున్న చప్పుడు గుమ్మంలోని గార్డుకు కూడా వినబడింది. "చాలా ఎక్కువుంది," అని బసీమా అందరికీ వినపడేలా చెప్పింది. "ఈమె ఈ గదిలో కూలిపోతే, చెప్పలేదని అనకండి." ఠాణా అధికారి లాక్కున్న మాత్రలు తనే కిటికీలోంచి అందించాడు. విడిచిపెట్టమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

సాయంకాలానికి హత్తాబ్ వచ్చాడు. గొంతు మారింది. "సరే, హనియా రేపట్నించి రావచ్చు. తోట యజమాని నా పీక మీద కూకున్నాడు. ఇంక పదండి."

హనియా అతని వైపు నడిచింది. ఆమెకు కావాల్సింది దొరికింది. ఇంట్లో ముగ్గురు ఆకలితో ఉన్నారు.

"దూజా సంగతి?" అని అడిగింది.

"అది గార్డుల పని. నాకేం సంబంధం?"

"అయితే నీ బండి నాకొద్దు. ఆమె బయటికొస్తే కలిసి ఎక్కుతాం." వెనక్కి వచ్చి ఠాణా మెట్ల మీద కూర్చుంది.

అప్పుడే ఉల్లిపొలాల నుంచి పక్క ఊరి ట్రక్కు వస్తోంది. రోడ్డు నిండా మేముండేసరికి ఆగక తప్పలేదు. అందులో నిలబడి ఉన్న కూలి ఆడవాళ్ళు పైనుంచి వంగి, ఏమైందని అడిగారు. హనియా చెప్పింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

వాళ్ళలో ఒక పెద్దావిడ అంచు పట్టుకుని కష్టపడి దిగింది. బసీమా ఎదుట నిలబడి, ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న తన చొక్కాల చేతులు మోచేతి పైకి తోసుకుంది.

"దిగితే రేపు చోటుండదు, చెప్తున్నా!" అని డ్రైవరు అరిచాడు.

ఆవిడ అటు తిరగలేదు. వెనక ఇంకొకరు దిగారు. ఆ తర్వాత ట్రక్కు వెనక తలుపు గొలుసు ఎవరో ఊడదీశారు.