ఎడమ మెలి

లైబ్రరీ నుంచి సంచీ వచ్చింది. అందులో ఒక ఎర్ర ఊలుండ, ఒక తెల్ల ఊలుండ, 'ఇంట్లోనే మార్తెనిత్స చేసుకోండి' అని అచ్చేసిన కాగితం. కాగితం చూడగానే దోన్కాకి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! ఫిబ్రవరి వచ్చిందంటే లైబ్రరీలో ఆ పొడుగు బల్ల దోన్కాదే. మార్చి ఒకటిన ఒకరి చేతికొకరు కట్టుకునే ఆ ఎర్ర తెల్ల తాళ్లకి మెలి వెయ్యడం ఊళ్లో పిల్లలకే కాదు, వాళ్ల తల్లులకి కూడా ఆవిడే నేర్పింది. మొన్న నవంబరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. దాన్ని ఎవరి కంటా పడకుండా, ఆఖరికి తన కంటా పడకుండా శాలువా కింద దాచుకుని కూర్చుంటోంది.

"ఇంటికి పంపించారంటే ఇక అక్కడికి రానక్కర్లేదనేగా?" అంది, సంచీ తెచ్చిన నెవెనాతో.

లైబ్రరీని నడిపే నెవెనా లబలబలాడింది. "అయ్యో పిన్నీ! రాలేని వాళ్లందరికీ పంపుతున్నాం. నువ్వు మాత్రం శనివారం రావాల్సిందే. నువ్వు లేకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు."

"ఒంటిచేత్తో ఏం నేర్పమంటావ్? నన్నో మూల కూర్చోబెట్టి అయ్యో పాపం అంటారా? నాకొద్దమ్మా ఆ ముచ్చట."

ఇకమీదట ఎప్పటికీ రానన్నట్టే ఉంది ఆ మాట. వంటింట్లో చిక్కుడు గింజల పులుసు కలుపుతున్న గెంచో చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎడమచెయ్యి ఉందిగా? ఏదీ, పట్టు," అన్నాడు పెళ్లాంతో.

పోగులు చాచి, చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. గట్టిగా పురి ఎక్కేదాకా తిప్పి, మధ్యకి మడిచి వదిలితే తాడు తనంతట తనే చుట్టుకోవాలి. దోన్కా తిప్పింది. గెంచో కుడిచేత్తో చెమటలు కారేలా తిప్పాడు. మడిచి చూస్తే ఉడికిపోయిన సేమ్యాలా వేలాడింది.

"నీ చేతిలో ట్రాక్టరు బోల్టులు తిరుగుతాయి గానీ దారం తిరగదు!"

"నేను బాగానే తిప్పాను, నీ చెయ్యే..." అని గెంచో నాలిక కరుచుకున్నాడు.

దోన్కా కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశావుగా అమ్మాయ్. ఆ సంచీ తీసుకెళ్లిపో."

అంతలో మాడు వాసన. గెంచో తన కొస నెవెనా చేతిలో కుక్కి వంటింట్లోకి పరిగెత్తాడు.

"నాకివ్వకు బాబాయ్! నేను పట్టుకుంటే ఏ దారమూ మెలి పడదు. పిన్ని చేత ఎన్ని చీవాట్లు తిన్నానో!" అంటూనే నెవెనా దాన్ని ఎప్పట్లాగే ఎడమచేత్తో పట్టుకుంది. ఆమెది పుట్టుకతోనే పుర్రచెయ్యి.

అలవాటు కొద్దీ దోన్కా వేళ్లు మళ్లీ తిరిగాయి. నెవెనా వేళ్లూ తిరిగాయి. దారం బిగిసింది. ఇంకా బిగిసి వణికింది.

"పిన్నీ, ఏమవుతోంది?"

"వదిలావంటే చంపుతాను! తిప్పు!"

మడిచారు. తాడు జర్రున చుట్టుకుపోయింది.

దోన్కాకి అప్పుడు తట్టింది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఎవరి కుడికి వాళ్లు తిప్పితే పురి ఎక్కుతుంది, ఎవరి ఎడమకి వాళ్లు తిప్పినా ఎక్కుతుంది. ఒకరు కుడికీ, ఒకరు ఎడమకీ తిప్పితే మాత్రం దారం ఊరికే దొర్లుతుంది. ఎడమచెయ్యి ఎడమకే తిరుగుతుంది కదా!

"ఓసి నీ పుర్రచెయ్యి బంగారం కానూ! ఇన్నేళ్లూ నిన్ను తిట్టి పోశాను గదే. తప్పు నీ చేతిది కాదే పిల్లా, ఎదురుగా కూర్చున్న నాది."

"నాకు చేతకాదనే అనుకున్నాను పిన్నీ," అంటూ నెవెనా నవ్వబోయి ఏడ్చేసింది.

"పులుసు మాడిపోయింది," అని గెంచో గుమ్మంలో నిలబడ్డాడు.

"మాడనీ. పళ్లేలు పెట్టు, ముగ్గురం తిందాం."

శనివారం బల్ల కొసన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మెలి పడక మొహం వేలాడేసుకున్న పుర్రచేతి వాళ్లందరినీ దోన్కా కేకేసి మరీ తన పక్కకి లాక్కుంది.

మార్చి ఒకటి పొద్దున్నే నెవెనా ఆ మొదటి తాడు పట్టుకుని వచ్చింది. ఎవరి చేతికి వాళ్లే కట్టుకోకూడదని దోన్కా దాన్ని ఆ రోజే ఆమెకి ఇచ్చి పంపింది.

"ఏ చేతికి కట్టను పిన్నీ?"

దోన్కా శాలువా తీసింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టింది. "దీనికి. ఇది పడిపోబట్టేగా నీ చెయ్యి దొరికింది. నీ మేలు మరచిపోనే తల్లీ."

"తెల్లగా, ఎర్రగా, నిండుగా ఉండు పిన్నీ," అని ఆ రోజు అందరూ ఇచ్చే దీవెనే ఇస్తూ నెవెనా ముడి వేసింది.

ఆ చేతికి స్పర్శ తెలియదు. తాడు ఉందో జారిందో చూసుకోవడానికి దోన్కా ఆ రోజంతా ఆ చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది.