కొలవని గొట్టం

ఈ ఏడు వేట లాటరీలో నా పేరున ఎల్క్ అనే పెద్ద దుప్పిని కొట్టే పర్మిట్ తగిలింది. మా ఐడహో కొండల్లో అది తగిలితే చలికాలం మాంసానికి దిగులుండదు. నాన్న తుపాకీతోనే కొట్టాలని నా పట్టుదల. ఆయనేమో దాన్ని గోడకి తగిలించి వదిలేశాడు.

ఎందుకు వదిలేశాడో ఊరంతటికీ తెలుసు. రిటైరయ్యాక నాన్న కొట్లో తూటాలు మానేసి, సొంతంగా సీసం కరిగించి పోసుకోవడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆయన గురిపెట్టిన దుప్పి ఒక్కటీ పడలేదు. చేతులు పట్టు తప్పాయని తనే తేల్చేసి, మాంసం మోసే కంచరగాడిద బెస్సీని కూడా అమ్మేశాడు. ఆ రోజు అన్నపానాలు ముట్టలేదు. కడుపులో బాగాలేదట.

మా ఆయన లైల్ తూటా అచ్చుల కేటలాగు ముందేసుకుని కూర్చున్నాడు. "ఎల్క్‌కి మొన చదునుగా, బరువుగా ఉన్న తూటా పడాలి. దానికి తగ్గ అచ్చు కొందాం."

"నా అచ్చుందిగా. తుపాకీ గొట్టం మీదున్న అంకె చూసే కొన్నాను. మళ్ళీ ఇంకోటెందుకు, దండగ," అన్నాడు నాన్న.

"అయితే ముందు నీ తూటాలే కాగితానికి గురిపెట్టి కాల్చి చూస్తా నాన్నా."

"కాగితం వండుకు తింటావా?"

ఆయన జన్మలో కాగితం మీద కాల్చలేదు. తూటా విలువ తెలిసిన మనిషి.

నేను కాల్చాను. తూటాలు తలో దిక్కుకీ పోయాయి. తగిలినవాటి చిల్లులు కూడా గుండ్రంగా లేవు, పొడుగ్గా ఉన్నాయి. తూటాలు అడ్డంగా పొర్లుకుంటూ వెళ్ళాయన్నమాట.

లైల్ కాగితం చూసి, "ఇది చేతులు చేసే పని కాదు," అన్నాడు.

మెత్తటి సీసం ముద్దని కడ్డీతో గొట్టంలోంచి నెట్టి, బయటికొచ్చాక కొలిచాం. నాన్న తూటానీ కొలిచాం. తూటా కన్నా గొట్టమే వెంట్రుకవాసి ఎక్కువ వెడల్పు. దాని మీద చెక్కిన అంకె పేరుకే తప్ప అసలు కొలత కాదు. కొట్లో కొన్న రాగి తొడుగు తూటాలు ఎలాగో సర్దుకుపోయాయి. సీసం సర్దుకోలేదు, వదులై పొర్లింది.

నాన్న మళ్ళీ తనే కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచాడు.

"అంటే, నా చేతులు..."

"వాటికేం కాలేదు మామయ్యా," అన్నాడు లైల్.

నాన్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కేటలాగు అడ్డం పెట్టుకున్నాను.

గొట్టం కన్నా పిసరు లావు తూటా పోసే అచ్చు తెప్పించాం. తూటా మొన మాత్రం లైల్ ఇష్టానికే వదిలేశాం. షెడ్డులో సీసం కరిగించి పోశాక, మొదటి తూటాలు నాన్న చేతే కాల్పించాను. కాగితం మీదే. గొణుక్కుంటూనే కాల్చాడు. చిల్లులన్నీ ఒక కాఫీ కప్పు బోర్లిస్తే కప్పేసేంత చోట్లోనే పడ్డాయి.

ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో అడిగాడు.

"బెస్సీని కొన్నవాడి ఫోన్ నంబరుందా?"

"ఎందుకు నాన్నా?"

"మరి మాంసం కొండ దింపాలంటే నువ్వు మోస్తావా?"