రంపంతో తెరిచిన తలుపు

"చచ్చినా చేయనమ్మా అనకు. ఆ మాట అరిగిపోయింది. బుద్ధొచ్చిందమ్మా అను. తల వంచుకుని అను," అన్నాడు తాతయ్య.

తాతయ్య ఎవరికీ తాత కాదు. జైల్లోనే జుట్టు నెరిసింది కనుక అందరికీ తాతయ్య అయ్యాడు. ముందస్తు విడుదల కోసం కమిటీ ముందుకు వెళ్ళేవాళ్ళకు జవాబులు నేర్పడం ఆ బారకులో అతడి పని. దుప్పటి భుజాన వేసుకుని తనే జడ్జి అయ్యేవాడు. గొంతు మార్చి అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసేవాడు. అలా ఎందరినో గేటు దాటించాడు. ఈసారి వరుసలో తనూ ఉన్నాడు. తీసుకువెళ్ళడానికి కూతురు వచ్చి గేటు బయట నిలబడింది.

వరుసలో అందరికన్నా చివర ఉన్నవాణ్ణి పిల్లి అంటారు. చప్పుడు లేకుండా ఇళ్ళలోకి దూరేవాడు కనుక ఆ పేరు.

"నాకు బుద్ధొచ్చిందో లేదో నాకే తెలీదు తాతయ్యా. పోయినసారి విడుదలప్పుడూ వచ్చిందనే చెప్పా," అన్నాడు పిల్లి.

"అబ్బో, ఉగ్గుపాలతో నిజం తాగావు మరి! కన్నాలేసేటప్పుడు ఎక్కడ దాచావురా ఈ నీతంతా?"

వరుసంతా నవ్వింది. పిల్లీ నవ్వాడు. కానీ మనసు గేటు దగ్గరే ఉంది. బయట అక్క ఉంది. బావ ముఖం ముడుచుకున్నా లెక్కచేయక ముందు గది ఖాళీ చేయించింది. బల్లలూ కుర్చీలూ చేసే దుకాణంలో తమ్ముడి పనికి మాట తీసుకుంది. ఈ రోజు తప్పితే మళ్ళీ కమిటీ కూర్చునేది వర్షాలు వెళ్ళాకే. అంతవరకు దుకాణంవాడు ఆగడు.

అప్పుడే వరండా చివర చిన్న చప్పుడైంది. సూపరింటెండెంటు చేతిలో తాళంచెవి తల మాత్రం మిగిలింది. మిగతా సగం విరిగి తలుపు తాళంలో ఉండిపోయింది. కమిటీ కూర్చోవలసిన గది అదే. కాగితాలన్నీ లోపల బల్లమీద పరిచి ఉన్నాయి. కిటికీలకు ఇనుప చువ్వలు. కమిటీ నడిపే జడ్జిగారు వచ్చి ఉన్నారు; ఆవిడ గడియారం చూసుకున్నారు.

"మధ్యాహ్నం నాకు కోర్టుంది. తెరవగలిగితే తెరిపించండి, లేకపోతే వాయిదా వేద్దాం."

సూపరింటెండెంటు చూపు వరుస వెంట నడిచి చివర ఆగింది. ముఖం వెలిగింది.

"ఏమోయ్ పిల్లీ! ఇట్రా. నీకిది చిటికెలో పని కదా."

ఎవరో వంచిన తీగ ఒకటి అందించారు. ఊరంతా తలుపులు వేసుకున్నది ఇతడి భయంతో. ఇప్పుడు తలుపు తెరవమని బతిమాలుతున్నదీ ఇతణ్ణే. ఆ వింతకు కాపలావాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

పిల్లి తలుపు ముందుకు వచ్చాడు. తీగ తీసుకోలేదు.

యజమాని పక్కన నిలబడి తెరవమంటే అది దొంగతనమెలా అవుతుంది? తర్కానికి తిరుగులేదు. అయితే వేళ్ళకు తర్కం తెలియదు. ఈ శిక్ష పడిన నాటి నుంచి అతడు తనను తాను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒక్కటే: నేను దేనికోసం దొంగిలించాను? సొమ్ముకోసమని కోర్టు అన్నది, అతడూ ఔనన్నాడు. కానీ చివరిసారి ఆ ఇంట్లో తాళం లొంగాక, ఏం తీసుకోవాలో తోచక గోడ గడియారం సంచిలో వేసుకుని బయటపడ్డాడు. వీధి మలుపులో అది గంటలు కొట్టింది. వీధివీధంతా లేచింది. ఆ సంగతి చదివినప్పుడు కోర్టులో అందరూ నవ్వారు. శిక్ష మాత్రం నవ్వులాటగా పడలేదు. సొమ్ము కావలసినవాడు గడియారం తేడు. అతడికి కావలసింది లోపలి మీట కదిలే ఆ క్షణం. అది తెలిసిన రోజున, తాళానికి చెవి ఉంటే తప్ప చెయ్యి వేయకూడదనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఒట్టు కూడా పెట్టుకోలేదు.

"క్షమించండి సార్. తాళం ముట్టను."

"నేనే చెప్తున్నా కదయ్యా! ఇందులో తప్పేముంది?"

"తప్పు లేదు సార్. నేను ముట్టను."

తాతయ్య వరుసలోంచి బుసకొట్టాడు. "ఒరే! నీ నీతి నీ దగ్గర పెట్టుకో. నా కూతురు ఎండలో నిలబడిందిరా బయట!"

ఆ మాట సూటిగా తగిలింది. తన నియమానికి తాను మూల్యం చెల్లించవచ్చు. పక్కవాడి చేత చెల్లింపజేసే హక్కు తనకెక్కడిది? పిల్లి తలుపును పైనుంచి కిందికి చూశాడు. జైలు వడ్రంగి షెడ్డులో అతడు మొదట చేసిన తలుపు అది. గట్టి చెక్క, మందం ఎక్కువ.

"తలుపు తెరుస్తా సార్, తాళం తియ్యను. బర్మా, ఉలి, సన్న రంపం తెప్పించండి. తాళం చుట్టూ చెక్క కోసేస్తా."

"బంగారంలాంటి తలుపు! నువ్వే చేశావు కదయ్యా దీన్ని?"

"మళ్ళీ నేనే చేస్తా సార్."

"తీగతో పోయేదానికి రంపమా? నీకు పొగరా, పిచ్చా?"

"ఏదో ఒకటి కానివ్వండి," అన్నారు జడ్జిగారు. "పొద్దెక్కుతోంది."

బర్మాతో తాళం చుట్టూ వరుసగా బెజ్జాలు వేశాడు. రంపం మొన దూర్చి కోత మొదలుపెట్టాడు. తేమ తగిలినా వంగని చెక్క; తానే ఏరి తెచ్చినది. పళ్ళు పట్టేసేవి, లాగి మళ్ళీ పెట్టేవాడు. జీవితమంతా ఊపిరి బిగపట్టి తలుపులు తెరిచినవాడు, ఇప్పుడు జైలు జైలంతా తొంగి చూసేలా చప్పుడు చేస్తున్నాడు. తాళంలో విరిగిన ముక్క కంటికెదురుగా మెరుస్తూనే ఉంది. తీగ సూపరింటెండెంటు జేబులో ఉంది. చెయ్యి చాపితే చాలు. వరండాలో ఎండ జరుగుతోంది. వరుసలో చివరివాడు తానేనని, ప్రతి కోతా తన వంతులోంచే తెగుతోందని పిల్లికి తెలుసు. చెమట తుడుచుకుని మళ్ళీ రంపం పట్టాడు.

చివరికి ఉలితో ఒక్క దెబ్బ వేశాడు. తాళం గుమ్మం చట్రంలో వేలాడుతూ ఉండిపోయింది. తలుపు దాన్ని వదిలేసి లోపలికి జరిగింది.

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళివచ్చారు. తాతయ్య ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమన్నావు తాతయ్యా?"

"నేర్చుకున్నదంతా మర్చిపోయానురా. భోరుమని ఏడ్చేశా. వదిలేశారు!" అని, పిల్లి భుజం తట్టి గేటు వైపు పరుగులాంటి నడక నడిచాడు.

కాసేపటికి జడ్జిగారే బయటికి వచ్చారు, చేతిలో సంచితో.

"నీదొక్కటే మిగిలింది. నేనిక ఆగలేను. ఆ తీగ పుచ్చుకుని ఉంటే నీ వంతూ అయ్యేది, తెలుసా?"

"తెలుసమ్మా."

"మరెందుకు?"

"తాళం లొంగినప్పుడు చేతిలో ఒక సంబరం పుడుతుందమ్మా. దొంగతనం దాని వెనకాల వచ్చింది. మీరు పక్కనున్నా ఆ సంబరం పుడుతుంది. ఇవాళ దాన్ని లేపితే, నాతోపాటే గేటు దాటుతుంది."

ఆమె అతడి చేతుల వైపు చూశారు. వేళ్ళ సందుల్లో పొట్టు ఉంది.

"ఇది కమిటీ ముందు చెప్పాల్సిన మాట. వరండాలో విన్నదాని మీద నేను ఉత్తర్వు ఇవ్వలేను. వచ్చేసారి మొదట నిన్నే పిలిపిస్తా."

"అలాగేనమ్మా."

ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అటువైపు నుంచి అక్క మొదట అతడి వెనక్కి చూసింది. "ఏరా, నీ సంచేది?"

చెప్పాడు. అంతా విన్నాక అక్క ఒళ్ళు మండింది.

"ఒక్క తాళం! ఇన్ని ఇళ్ళు తీసిన చెయ్యికి ఇవాళే ముంచుకొచ్చిందా నీతి? దుకాణంవాడు ఆగుతాడనుకున్నావా? మీ బావకి నేనేమని చెప్పేది?"

అక్క జాలీకి దగ్గరగా జరిగింది. కోపం దిగలేదు, కానీ గొంతు దిగింది.

"నిజంగా ముట్టలేదా?"

"లేదక్కా."

"సరే. దుకాణంవాణ్ణి మళ్ళీ నేనే అడుగుతా. కాదంటే ఇంకోణ్ణి అడుగుతా. తిను సరిగ్గా, చిక్కిపోయావు."

ఆమె వెళ్ళాక పిల్లి షెడ్డుకు వచ్చాడు. చెక్కల దొంతరలోంచి ఒకటి లాగి, ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు. కొద్దిగా వంకర ఉంది. బల్లకు బిగించి చిత్రిక అందుకున్నాడు.