వేన్నీళ్ళా, చన్నీళ్ళా

పొద్దున్నే బకెట్లో నీళ్ళు పోసి, గోరువెచ్చగా ఉన్నాయో లేదో ఆమె మోచేత్తో చూసుకుంది. రెండు చెంచాల ప్రోబయోటిక్ పొడి, చారెడు చక్కెర వేసి మూత పెట్టింది. ఆ పొడిలో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. కొన్ని గంటలు నాననిచ్చి, మేత గుళికల మీద చల్లి, నీడలో ఆరబెట్టాలి. అది తిన్న చేప తొందరగా జబ్బు పడదు, ఒళ్ళు చేస్తుంది.

ఏడేళ్ళుగా రోజూ ఇదే పని. "ఇంటిపట్టున ఉండేదానికి ఇదీ ఒక పనేనా? చెయ్యి తిప్పితే అయిపోతుంది" అని అత్తగారు మొదటి ఏడాదే తేల్చేసింది. ఎవరైనా అడిగితే భర్త "మేం కలుపుతాం" అంటాడు. ఆ "మేం"లో తనున్నదా అని ఆమెకు ఎన్నోసార్లు అనుమానం వచ్చింది. ఉన్నాననే సర్దుకుంది. నిరుడు చుట్టుపక్కల చెరువుల్లో తెగులు వచ్చి చేపలు తేలినప్పుడు వీళ్ళ చెరువులో ఒక్కటీ తేలలేదు. చూడటానికి వచ్చినవాళ్ళను భర్త గట్టు మీద తిప్పాడు. ఆమె వాళ్ళకు టీ ఇచ్చింది.

ఆ రోజు చేపల సంఘం హాల్లో నలభైమంది రైతులకు ఈ పద్ధతి చెప్పాల్సింది ఆయనే. మేత డబ్బా పట్టుకోవడానికి మనిషి కావాలని ఆమెనూ తీసుకెళ్ళాడు. "దార్లో నాలుగు ముక్కలు చెప్పు, చాలు" అన్నాడు. ఆమె చెప్పింది. బండి చప్పుడులో ఆయన ఊఁ కొట్టాడు.

హాల్లో బాగానే మాట్లాడాడు. చివర్లో ఒక ముసలి రైతు లేచాడు.

"పొడి కలిపేది వేన్నీళ్ళలోనా, చన్నీళ్ళలోనా బాబూ?"

"వేన్నీళ్ళే బాబాయ్. మరిగించి పోస్తే చిటికెలో కలిసిపోతుంది."

అందరూ రాసుకుంటున్నారు. వెనక వరసలో ఆమె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికెళ్ళాక చెబితే ఆయన దిద్దుకుంటాడా? దిద్దుకున్నా, ఈ నలభైమందికి మళ్ళీ ఎవరు చెబుతారు? ఇప్పుడు లేస్తే ఆయన మొహం ఎలా అవుతుందో ఆమెకు తెలుసు. ఆ మొహంతో ఎన్ని రోజులు కాపురం చెయ్యాలో కూడా తెలుసు. తెగులు మళ్ళీ వస్తే నలభై చెరువుల్లో చచ్చిన పొడే ఉంటుంది.

లేచి నిలబడింది.

"మరిగే నీళ్ళు పొయ్యకండి. పొడిలో ఉన్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గోరువెచ్చగా ఉండాలి."

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు ముసలి రైతు.

"కలిపేది నేనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఓహో, వండేది ఒకరు, వడ్డించేది ఒకరన్నమాట!" అన్నారింకెవరో. సంఘం అధికారి మాత్రం నవ్వలేదు. ఆమెను ముందుకు పిలిచి కుర్చీ వేయించాడు. మొదట్నుంచీ చెప్పమన్నాడు. ఆమె చెబుతుంటే రైతులు ముందు రాసింది కొట్టేసుకున్నారు. వారానికి మూడు పొద్దులు చెరువుల దగ్గరికి వచ్చి చేసి చూపిస్తారా అని అధికారి అడిగాడు. ఆమె భర్త వైపు చూడలేదు. వస్తానంది.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో భర్త బండి నెమ్మది చేశాడు.

"పొద్దున్నే నువ్వు ఊరి మీద పడితే మన మేత ఎవరు కలుపుతారు?" అన్నాడు.

"మీరూ హాల్లోనే ఉన్నారుగా" అంది ఆమె. "విన్నారు కదా."