చప్పుడు లేకుండా దిగిన బండి

ముందు చప్పుడు వచ్చేది. తర్వాత దుమ్ము. ఆ తర్వాతే బండి.

గొంతు జీరబోయిన ముసలివాడు నవ్వినట్టుండేది దాని ఇంజన్. వికారాబాద్ మలుపులో ఆ నవ్వు వినపడగానే ముక్తార్ చేతిలోని పానా కింద పెట్టేవాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. ఎర్రమట్టి పొగలా లేచేది. ఆ పొగలోంచి పసుపుపచ్చని ముక్కు బయటపడేది — ఎండకు వెలిసిన తంగేడు పువ్వు రంగు.

చిన్న కారు. డిక్కీ లేదు. వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచేది, కోడి తోక ఎత్తినట్టు.

అరవై తొమ్మిదిలో ఎవరో పెద్ద ఆఫీసరు పై దేశం నుంచి తెప్పించుకున్నాడట. చేతులు మారి, ఊళ్లు మారి, పదమూడేళ్ల తర్వాత జనార్దన్ పటేల్ వాకిట్లో ఆగింది. పటేల్‌కు మర్పల్లిలో పొలాలు, తాండూరులో నాపరాళ్ల గని. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున గుట్ట దిగాలి. సాయంత్రం గుట్ట ఎక్కాలి.

దాని సామాన్లు ఎక్కడా దొరకవు. పట్నంలో అడిగితే నవ్వారు.

ముక్తార్ నవ్వలేదు.

జీపు బుష్షును ఆకురాయితో అరగదీసి దానికి పట్టించాడు. స్కూటరు స్ప్రింగును వంచి పెట్టాడు. లారీ ట్యూబు కోసి వాషర్లు చేశాడు. వానాకాలం దాని వైర్లలో చెమ్మ చేరేది. విప్పి, గుడ్డతో ఒత్తి, పొయ్యి పక్కన ఆరబెట్టేవాడు — పసిపిల్ల బట్టలు ఆరబెట్టినట్టు. భార్య జహీరాబీ ముక్కున వేలేసుకునేది. నన్నెప్పుడైనా ఇట్లా చూసుకున్నావా అని.

నాలుగేళ్లు. నాలుగు వానలు. నాలుగు సీతాఫలాల కాపులు.

కాపు వచ్చిందంటే ఆ వెనక తలుపు లేచేది, ఒక గంపెడు పండ్లు షెడ్డులోకి దిగేవి. రంజాన్ వచ్చిందంటే పటేల్ ఆ నూనె మరకల బల్ల మీదే కూర్చుని జహీరాబీ చేసిన సేమ్యా తాగేవాడు. నలుగురూ చూస్తుండగా ముక్తార్ భుజం మీద చెయ్యి వేసేవాడు.

"పేరుకే నేను మాలికును. దీని పానం ముక్తార్ చేతుల్ల ఉన్నది."

ఆ మాట ముక్తార్ ఇంటికి మోసుకెళ్లేవాడు. జహీరాబీకి చెప్పేవాడు. మర్నాడు మళ్లీ చెప్పేవాడు.

ఒక్క సంగతే అతనికి నచ్చేది కాదు.

అనంతగిరి గుట్ట దిగేటప్పుడు పటేల్ చావి తిప్పి ఇంజన్ ఆపేసేవాడు. బండి దానంతటదే జారేది. పెట్రోలు మిగులుతుందని.

"గట్ల జేయకుండ్రి పటేలా. ఇంజన్ బంద్ జేస్తే బరువంత బ్రేకుల మీద పడ్తది. కాల్తయ్. కాలినంక పట్టయ్. సల్లబడ్డంకనే మల్ల పడ్తయ్."

"ఏం కాదు తియ్. నువ్వున్నవ్ గదా."

నువ్వున్నావు కదా... అదీ ముక్తార్‌కు తీపిగానే వినపడేది.

ఎనభై ఆరు. వానలు వెనకపట్టిన నెల. మంగళవారం ముక్తార్ నాలుగు చక్రాలూ విప్పాడు. బ్రేకులకు కొత్త పట్టీలు వేశాడు. తనే తోలి చూశాడు, గుట్ట మీదికీ కిందికీ, మూడు సార్లు. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది.

బుధవారం పొద్దున గుట్ట మలుపులో కారు ఎడ్లబండిని కొట్టింది.

బండి కోట్‌పల్లి భీమయ్యది. పెసల బస్తాలతో వికారాబాద్ మార్కెట్‌కు ఎక్కి వస్తున్నాడు. ఎడమ ఎద్దు అక్కడికక్కడే పోయింది. భీమయ్య కాలు బండి చక్రం కింద రెండుగా విరిగింది.

గంట తర్వాత ముక్తార్ సైకిలు మీద చేరేసరికి భీమయ్యను దవాఖానకు తీసుకుపోయారు. ఎర్రమట్టి మీద పచ్చని పెసలు. పెసల మధ్య ఎద్దు కొమ్ము. జనం. కాగితం మీద రాసుకుంటున్న పోలీసు జమేదారు.

పటేల్ నుదుటికి రుమాలు అదుముకుని నిలబడి ఉన్నాడు. ముక్తార్‌ను చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

"బ్రేకులు పట్టలె," అన్నాడు జమేదారుతో. "నిన్ననే చేయించిన. ముక్తార్ దగ్గర."

ముక్తార్ ఎదురు చూశాడు. ఇంకో మాట ఉంటుందని. చావి మాట.

ఆ మాట రాలేదు.

జనం తలలు ఒకటొకటిగా అతని వైపు తిరిగాయి. అతను కారు దగ్గరికి నడిచాడు. వంగిన తలుపు లాగి బ్రేకు తొక్కాడు. పెడల్ రాయిలా నిలబడింది. మళ్లీ తొక్కాడు. రాయి.

"చూడుండ్రి సాబ్. మంచిగున్నయ్."

జమేదారు తల ఎత్తలేదు. "చేసినోనివి నువ్వే. మంచిగున్నయనేది గూడ నువ్వేనా?"

ఎవరో నవ్వారు. పటేల్ నవ్వలేదు. కానీ కాదనలేదు.

ఆ రోజు నుంచి రోడ్డు మారిపోయింది. అదే రోడ్డు, అవే బండ్లు. షెడ్డు దగ్గరికి రాగానే కాస్త నెమ్మదించేవి — చూడటానికి. మళ్లీ సాగిపోయేవి. మసీదు ముందు ఎవరో అడిగారు: ఏమైంది మియా, చెయ్యి వణికిందా? ముక్తార్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ల నూనె గోళ్లలో నల్లగా ఉంది. అవి వణకలేదు.

నిజంగానే తప్పు తనదేమో అనుకున్నాడు. ఏ నట్టు బిగించడం మరిచాను... ఏ పట్టీ జారింది... అన్నం ముద్ద చేతిలో ఉండగానే నాలుగు చక్రాలూ విప్పి చూసేవాడు, మనసులో. అన్నీ బిగుసుకునే ఉండేవి.

పదో రోజు జహీరాబీ పొయ్యి ఆర్పి, అతని చొక్కా తెచ్చి ఇచ్చింది. పోయి ఆ భీమయ్యను చూసి రమ్మంది. తిడితే పడమంది.

సర్కారు దవాఖానలో భీమయ్య కాలు పైకి కట్టి పడుకుని ఉన్నాడు. భార్య హన్మమ్మ విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"బ్రేకులు చేసింది నువ్వేనా?" అన్నాడు భీమయ్య.

"నేనే."

హన్మమ్మ చెయ్యి ఆగింది.

"ఏమో సాయబూ. నాకు తెల్వది. ఒక్కటి జెప్త. గా కారు వస్తె గుట్టంత ఇనొస్తది. రోజు ఇనేదే. సప్పుడు ఇనంగనే ఎడ్లను పక్కకు తోల్త. గా దినం సప్పుడే లేదు. గాలి లెక్క మీద పడ్డది."

ముక్తార్ మంచం కోడు పట్టుకున్నాడు.

చప్పుడే లేదు.

అంటే పటేల్ చావి తిప్పేసే దిగాడు.

దవాఖాన నుంచి నేరుగా పటేల్ ఇంటికి నడిచాడు. పటేల్ అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. కూర్చోమనలేదు.

"చావి బంద్ జేసి దిగిండ్రు గదా, పటేలా?"

పటేల్ వీధి వైపు చూశాడు. వీధిలో ఎవరూ లేరు. అప్పుడు గొంతు తగ్గించి, దాదాపు ప్రేమగా అన్నాడు:

"అవ్ మరి. గని పట్టా కాగితాలు గిప్పుడే ఆఫీసుల నడుస్తున్నయ్, ముక్తార్. నా మీద కేసు వడితే నా పేరు పోతది." కాస్త ఆగాడు. "నీకేం పేరున్నది, పోనీకి?"

ముక్తార్ నిలబడ్డాడు. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. తన భుజం మీద ఇన్నేళ్లు పడిన చెయ్యి బరువెంతో అప్పుడు తెలిసింది.

మెట్లు దిగాడు.

చలికాలం వచ్చింది. గుట్ట మీద పొద్దున పొగమంచు, చెట్లకు ఒక్క పండు లేదు. తాండూరు మెకానిక్కులు ముగ్గురు ఆ కారు బానెట్ ఎత్తి, దించేశారట. ఇందులో ఏది దేనిదో మాకు తెలియదన్నారట. జీపు ముక్క, స్కూటరు ముక్క, లారీ ముక్క... అన్నీ కలిపి అతుకు వేసిన చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున, నాపరాళ్ల లారీ వెనక తాడు కట్టుకుని, ముక్కు పగిలిన కారు షెడ్డు ముందు ఆగింది. పటేల్ లారీలోంచి దిగాడు.

"చూడు జర," అన్నాడు. అంతే అన్నాడు.

జహీరాబీ గుమ్మంలో నిలబడింది. వద్దంటుందేమో అని ముక్తార్ ఆమె వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు.

అతను బానెట్ ఎత్తాడు.

నాలుగు రోజులు పట్టింది. రేడియేటర్ అతికాడు. వంగినదాన్ని సాపు చేశాడు. చక్రాలు విప్పితే, బ్రేకు డ్రమ్ముల ఇనుము మీద నీలం మచ్చలు... కాలిన గుర్తులు. వాటిని తుడవలేదు. అట్లాగే బిగించాడు. బండి అబద్ధం చెప్పలేదు.

ఐదో రోజు పటేల్ వచ్చాడు. ఎదుటి చాయ్ హోటల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లకు వినపడేట్టే అన్నాడు:

"ముక్తార్ లెక్క మెకానిక్ జిల్లాల లేడు!"

ముక్తార్ చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలు. తర్వాత చావి ఇవ్వకుండా తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టార్టు చేశాడు. అవతలి తలుపు లోపలి నుంచి తోశాడు.

"గదే మాట భీమయ్య ముంగట జెప్పుండ్రి, పటేలా. చావి ముచ్చట గూడ జెప్పుండ్రి. ఇంటికొచ్చిండట, కోట్‌పల్లిల ఉన్నడు. రాండ్రి, నేనే తోల్త."

చాయ్ హోటల్లో ఒకరు లేచి నిలబడ్డారు. ఇంకొకరు గ్లాసు కింద పెట్టారు.

పటేల్ రోడ్డు అటు చూశాడు. ఇటు చూశాడు. మెల్లగా వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు.

ఎక్కడానికో, మూయడానికో... ముక్తార్‌కు తెలియలేదు.

చెయ్యి అక్కడే ఉంది.