బేరం మధ్యలో నోరు విప్పకూడదు

అమ్మ ఫోన్ పెట్టేసి, "చూస్తూ ఉండు, ఇప్పుడు వాళ్ళే చేస్తారు," అంది.

మాది బజారులో దుప్పట్ల కొట్టు. అమ్మని అందరూ ఆఖరిమాటక్క అంటారు. కొన్నా అమ్మినా ఆవిడ పద్ధతి ఒక్కటే. "అయితే వద్దులెండి" అని మొహం తిప్పేసుకుంటుంది. అవతలివాళ్ళు నాలుగడుగులు వేసి వెనక్కి వస్తారు, లేదా అమ్మ నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలుస్తారు. అది బెడిసికొట్టగా నేనైతే చూడలేదు. ఇంకో నియమం కూడా ఉంది. ఆవిడ బేరంలో ఉండగా ఇంట్లోవాళ్ళెవరూ నోరు విప్పకూడదు. చిన్నప్పుడు ఓసారి, "నిన్న తక్కువకే ఇచ్చావుగా అమ్మా," అన్నందుకు పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు.

దుప్పట్లకైతే సరే. ఈసారి ఆవిడ బేరమాడింది నా లా చదువుకి.

రెండు కాలేజీలు నాకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నాయి. ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే చిన్న కాలేజీ ఫీజు మొత్తం మాఫీ అంది. రైలెక్కి వెళ్ళాల్సిన పెద్ద కాలేజీ ముప్పాతిక మాఫీ అంది, కానీ అక్కడ చివరి ఏడాదంతా ప్రభుత్వ లాయర్ల ఆఫీసుల్లోనే పని నేర్పిస్తారు. నాన్నని లారీ గుద్దినప్పుడు కోర్టులో మా వైపు నిలబడింది ఒక ప్రభుత్వ లాయరమ్మ. లారీ యజమాని పేరున్న లాయర్లని దించాడు. ఈవిడ నలిగిన ఫైలొకటి చంకన పెట్టుకుని వచ్చి వాళ్ళందరినీ మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆ రోజు నుంచి నా కంటికి ఇంకే ఉద్యోగమూ ఆనలేదు. కాకపోతే సర్కారు జీతంతో చదువుల అప్పు తీరదు. అప్పు చేసి చదివితే చివరికి ఆ లారీ యజమాని లాంటివాళ్ళ తరఫునే వాదించుకుంటూ బతకాలి. అందుకే నాకు స్కాలర్‌షిప్ అంటే ప్రాణం.

మిగిలిన పాతిక ఫీజు ట్యూషన్లు చెప్పి తెచ్చుకుంటానని ధైర్యం చేశాను. ఆ పొద్దున్నే చిన్న కాలేజీకి "క్షమించండి, రాలేను" అని మెయిల్ పెట్టేశాను. ఆ మాట ఇంట్లో చెబుదామని కొట్టుకి వచ్చేసరికి, అమ్మ అప్పటికే పెద్ద కాలేజీకి ఫోన్ కలిపి, వెనక గుడ్డ కత్తిరిస్తున్న నాన్నకి కూడా వినబడాలని స్పీకర్లో పెట్టింది.

"మా పిల్లకి ఇంకోచోట మొత్తం మాఫీ అన్నారండీ. మీరేమో పాతిక ఉంచేశారు. ఏం బాగుంటుంది చెప్పండి?"

"మేం ఇవ్వగలిగింది అంతేనండి," అంది స్కాలర్‌షిప్పులు చూసే ఆఫీసరమ్మ.

"పిల్ల బంగారమండీ. మార్కులు చూడండి."

"చూసే ఇచ్చామండి."

"అయితే వద్దులెండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అమ్మాయి పక్కనున్నారా?"

"ఉంది, వింటోంది."

"అమ్మాయీ, మీ నిర్ణయం కూడా ఇదేనా? కాకపోతే ఇప్పుడే చెప్పండి."

అమ్మ నా వైపు కళ్ళెర్రజేసింది. నాన్న కత్తెర పట్టుకుని అలాగే ఆగిపోయాడు. కాదండీ అనాలి, అంతే. చిన్న మాట. రేపు కోర్టులో ఊళ్ళో జనం తరఫున వాదిస్తానన్న దాన్ని, నోరు తెరిచి గుడ్లప్పగించి నిలబడ్డాను. బేరం మధ్యలో మాట్లాడకూడదన్న చిన్నప్పటి అలవాటు అడ్డం పడింది.

"సరేనండి, మంచిది," అందావిడ. అప్పుడే అమ్మ ఫోన్ పెట్టేసింది.

"నీకు మతి పోయిందా అమ్మా?" అన్నాను.

"అరవకు. ఆత్రం చూపిస్తే చులకనైపోతాం."

"పోనీ, మనమే ఓసారి చేస్తే?" అన్నాడు నాన్న.

"మీరూరుకోండి. ఇద్దరూ ఇద్దరే."

అరగంటకి ఫోన్ మోగింది. అమ్మ నన్ను చూసి కనుబొమ్మలెగరేసింది. తీరా చూస్తే దిండ్లలోకి దూది తెచ్చేవాడు, బండి అడ్డదారిలో ఇరుక్కుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ లాక్కుని నేనే పెద్ద కాలేజీకి కలిపాను.

"మీరు వద్దన్నారు కదండీ," అంది ఆఫీసరమ్మ. "వరసలో తర్వాతున్న అబ్బాయికి చెప్పేశాం. పాపం, ఫోన్లోనే ఏడ్చేశాడు."

"అది ఉత్త బేరమండీ."

"బేరమా?" అందావిడ. వెటకారం కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

ఫోన్ ఇంకా స్పీకర్లోనే ఉంది, అమ్మ అంతా వింది. "ఒక్క మాట అంటే ఇచ్చేస్తారా? ఇదెక్కడి చోద్యం?" అంది. తరవాత తనకి తానే సర్దిచెప్పుకుంది. "పోనీలే. చిన్నదుందిగా. మొత్తం మాఫీ."

"దానికి రానని పొద్దున్నే రాసేశాను."

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు నాకు చెప్పి చేశావా?"

అమ్మ దుప్పట్ల కట్ట మీద కూలబడింది. "అయితే నేను చేతిలో లేని సరుకు చూపించి బేరమాడానన్నమాట," అంది. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నా కోపమంతా ఎటు పోయిందో, భయం మాత్రం మిగిలింది.

చిన్న కాలేజీకి నేనే ఫోన్ చేశాను. అక్కడి గుమస్తా పెద్దాయన. "అయ్యో, మొత్తం మాఫీది ఇంకొకరికి రాసేశామమ్మా," అన్నాడు. "సగం మాఫీది ఒకటి మిగిలింది. ఫీజు కట్టేవాళ్ళు ఒప్పుకుంటే ఇప్పుడే రాసుకుంటాను."

ఆ సగం ఫీజంటే, పక్క కొట్టు కొనాలని అమ్మ ఏళ్ళ తరబడి కూడబెట్టిందంతా. అప్పు లేకుండా గట్టెక్కుతాం, సర్కారు లాయరు కలా మిగులుతుంది. పక్క కొట్టు మాత్రం ఇక మాది కాదు. నేనేమీ అడగలేకపోయాను. అమ్మే చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. నాన్నా నేనూ ఆవిడ నోట్లోంచి "అయితే" అన్న మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం.

"సరేనండి," అంది అమ్మ.

"సంతోషం తల్లీ. ఇంకేమైనా అడగాలా?"

"ఏం లేదండి."

"మరి ఉంటానమ్మా."

అమ్మ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"మీరే ముందు పెట్టేయండి బాబూ," అంది. "నేను పెట్టను."