మారని మాట

పిల్లల కేసు కాబట్టి అమలాపురం కోర్టులో ఆ రోజు తలుపులు మూసి విచారణ జరిపారు. తల్లి కనుక అన్నపూర్ణను లోపలికి రానిచ్చారు. కొడుకు సాయి బయట వరండాలో మేనమామ సూరిబాబు దగ్గర కూర్చున్నాడు.

సాయికి పదిహేనేళ్లు. తండ్రి కువైట్‌లో డ్రైవరు, తల్లి మామిడికుదురులో పీచు మిల్లుకి వెళ్తుంది. నిరుడు రాజోలులో స్నేహితులతో కలిసి ఎవరిదో మోటారుసైకిలు ఎత్తుకుపోయి పట్టుబడితే, వాణ్ని బాలల హోమ్‌కి పంపారు. బెయిలు మీద తిరిగొచ్చేటప్పటికి ఎడమ చెయ్యి విరిగి ఉంది. హోమ్ వార్డెను రాజబాబు కర్రతో కొట్టాడని చెప్పాడు. ఆ వార్డెనే ఇప్పుడు ముద్దాయి.

కానీ సాయి మాట నిలకడగా లేదు. ఒకసారి మెట్ల దగ్గర కొట్టాడన్నాడు, ఒకసారి బాత్రూం దగ్గర అన్నాడు, ఇంకోసారి గేటు దగ్గర అన్నాడు. ముద్దాయి తరఫు లాయరు వరప్రసాదం దాన్నే పట్టుకుని, కుర్రాడు మెట్ల మీద జారిపడ్డాడని వాదిస్తున్నాడు. నిజానికి అన్నపూర్ణకీ లోలోపల అనుమానమే. బండి విషయంలో అబద్ధమాడినవాడు దీంట్లో ఆడడా అని.

ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి విశాఖపట్నం నుంచి డాక్టర్ శ్రీకళ వచ్చారు. పిల్లల మానసిక వైద్యురాలు. కోర్టు ఆదేశంతో హోమ్‌కి వెళ్లి, అక్కడి పిల్లలతో మూడు రోజులు గడిపారు, సాయితోనూ ఒకసారి కోర్టులోనే మాట్లాడారు. బక్కపల్చటి మనిషి, నేత చీర, పెద్ద కళ్లజోడు. ఈవిడేం చెబుతుందిలే అనుకుంది అన్నపూర్ణ.

"అక్కడ మీరేం గమనించారో చెప్పండి," అన్నాడు ప్రభుత్వ లాయరు.

"పిల్లలు పొద్దుగూకాక నీళ్లు తాగడం లేదండీ," అన్నారు డాక్టరు.

జడ్జిగారు తలెత్తారు.

"సాయంత్రం వాళ్లతో కలిసి భోంచేశాను. కూరలో కారం మండిపోతోంది. మంచినీళ్ల కుండ పక్కనే ఉంది. ఒక్కరూ గ్లాసు ముట్టుకోలేదు. అడిగితే అందరిదీ ఒకటే మాట, దాహం లేదని. బాత్రూములు పెరట్లో, వంటపాక వెనక ఉన్నాయి. అక్కడికి వార్డెను గది ముందు నుంచే వెళ్లాలి. దీపం లేదు. రాత్రి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే గొంతు ఎండబెట్టుకుంటున్నారు."

అన్నపూర్ణ చటుక్కున డాక్టరు వైపు చూసింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సాయి రాత్రి భోజనంలో నీళ్లు ముట్టడు. ముద్ద గొంతుకి అడ్డుపడినా ముట్టడు. మొండితనమనుకుని ఎన్నిసార్లు తిట్టిందో! ఈ మనిషి తన గడప తొక్కలేదు, తన వంటిల్లు చూడలేదు. ఆ కంచం పక్కనున్న గ్లాసు ఈవిడకెలా కనపడింది?

వరప్రసాదం లేచాడు. "బాగుందండీ. మరి ఈ అబ్బాయి ఆసుపత్రిలో మెట్ల దగ్గరన్నాడు, పోలీసులకి బాత్రూం దగ్గరన్నాడు, ఇక్కడికొచ్చి గేటు దగ్గరన్నాడు. ఒక్క చెయ్యి మూడుచోట్ల విరిగిందాండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. అన్నపూర్ణ తల దించుకుంది.

"ఆ మూడూ నేనూ చదివాను," అన్నారు డాక్టరు నెమ్మదిగా. "చోటు మారింది. మారని మాట ఒకటుంది, మీరు దాన్ని చదవలేదు. మూడుసార్లూ 'నేనొక్కణ్నే ఉన్నాను' అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు."

"అయితే?"

"ఆ హోమ్‌లో చీకటి పడ్డాక ఏ పిల్లాడూ ఒంటరిగా బయటికి రాడు. పెద్దవాళ్లు చిన్నవాళ్లని తోడు తీసుకెళ్తారు. సాయి చెప్పిన అబద్ధం అదొక్కటే. దాన్ని కాపాడుకోవడానికే చోట్లు మార్చాడు. అసలు చోటు మీదే నిలబడితే, పక్కనెవరున్నారని అడుగుతారు కదా. విరిగింది ముంజేతి ఎముక. మెట్ల మీద జారితే అది సాధారణంగా అలా విరగదనీ, దెబ్బకి చెయ్యి అడ్డం పెడితే విరుగుతుందనీ ఎముకల డాక్టరుగారు ఇక్కడే చెప్పారు. అడ్డం పెట్టింది తన తలకా, ఇంకో పిల్లాడి తలకా అన్నది మాత్రం ఎక్స్‌రేలో కనపడదు."

"ఎవరా ఇంకో పిల్లాడు? పేరు చెప్పండి!" అన్నాడు వరప్రసాదం.

"నాకు తెలీదు. నేనడగలేదు."

"మూడు రోజులుండీ అడగలేదా?"

"అడగలేదండీ. ఆ బాబు ఇంకా అక్కడే ఉన్నాడేమో. చెయ్యి విరిగినా సాయి బయటపెట్టని పేరది. తీపి మాటలు చెప్పి లాక్కోవడం నాకు చేతనవును. కానీ చెయ్యను."

వరప్రసాదం కూర్చున్నాడు. అన్నపూర్ణ రెండు చేతులూ దగ్గరికి చేరాయి. దణ్ణం పెడుతున్నానని ఆమెకి తెలియనే లేదు.

విరామంలో డాక్టరు దగ్గరికి వెళ్లింది. "మావోడు మీకు చెప్పేడాండీ ఇదంతా?"

"లేదమ్మా. నాతో క్రికెట్ గురించి మాట్లాడాడంతే. ఇంటికెళ్లి మీరూ అడక్కండి. వాడు చెప్పాలనుకున్న రోజున చెబుతాడు."

"ఆయ్, అడగనండి," అంది అన్నపూర్ణ.

బస్సులో కొడుకు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. మూతి మీద నూనూగు మీసం. బండి ఎత్తుకుపోయినవాడూ వీడే, ఎవరో కన్న పిల్లాడికి చెయ్యి అడ్డం పెట్టినవాడూ వీడే. తన కడుపున పుట్టినవాణ్ని కొత్తగా చూస్తున్నట్టు, కొంచెం భయంభయంగా, పాశర్లపూడి దాటేవరకూ చూస్తూనే ఉంది.

ఎండాకాలంలో తీర్పు వచ్చింది. రాజబాబుకి జైలుశిక్ష పడింది. పెరట్లో దీపాలు పెట్టాలనీ, నెలనెలా బయటి డాక్టరు వెళ్లి పిల్లలతో విడిగా మాట్లాడాలనీ జడ్జిగారు ఉత్తర్వు రాశారు. అన్నపూర్ణ మెకానిక్ షెడ్డుకి వెళ్లి, పని నేర్చుకుంటున్న సాయికి చెప్పింది.

వాడు శిక్ష సంగతి అడగలేదు. "ఎవరెళ్తారంటమ్మా, ఆ కళ్లజోడు డాక్టరుగారేనా?" అన్నాడు.

"ఊఁ, ఆవిడేనంటరా."

"అయితే పర్లేదు," అని మళ్లీ బండి కిందికి వంగాడు.